సముద్రం మీద శివరాత్రి

హైదరాబాద్ వాళ్ళు సముద్రం చూడాలంటే ప్రయాణం కట్టక తప్పదు. దగ్గర్లోదే అనుకునే సూర్యలంకకి కూడా కారులో ఐదారు గంటలు పడుతుంది. అదే శంషాబాద్‌లో విమానం ఎక్కితే రెండున్నర గంటల్లో అండమాన్‌లో దింపేస్తుంది. ఈ లెక్క తెలిసినప్పటి నుంచి మా ఆయన గోవా పేరెత్తడం మానేశాడు.

శివరాత్రి శని ఆదివారాలకి ఆనుకుని వచ్చింది. ఇంకో మూడు సెలవులు పెడితే చాలు. మా అత్తమ్మకి మాత్రం అస్సలు నచ్చలేదు. “పండుగ పూట ఇల్లిడిసి నీళ్ళల్ల తిరుగుడేంది బిడ్డా? ఒక్క పొద్దు లేదు, జాగారం లేదు!” అంది. ఉపవాసం ఉంటానని మాటిచ్చాకే కాస్త చల్లబడింది. నిజానికి ఆ తేదీలు సెలవుల కోసం మాత్రమే ఎంచుకోలేదు. శివరాత్రి మర్నాడు అమావాస్య కాబట్టి ఆకాశంలో చంద్రుడు ఉండడు. అండమాన్ వెళ్ళొచ్చిన మా ఆఫీసు స్నేహితురాలు, “వెన్నెల రాత్రుల్లో మాత్రం పోకు, అసలుది కనపడదు” అని మరీ మరీ చెప్పింది.

మొదటి రోజు: కోఠి నుంచి కాలాపానీ

బంగాళాఖాతం మీద చాలాసేపు మేఘాలు, నీళ్ళు తప్ప ఇంకేమీ లేవు. ఉన్నట్టుండి కిటికీలో చిక్కటి అడవి, దాని అంచున సన్నటి తెల్లగీత, గీత చుట్టూ నెమలికంఠం రంగు నీళ్ళు కనిపించాయి. విమానంలో సగంమంది ఫోన్లు పైకెత్తారు. దిగిన ఊరి పేరు 2024 సెప్టెంబర్ నుంచి శ్రీ విజయ పురం. అయినా జనం నోట్లో ఇంకా పోర్ట్ బ్లెయిరే ఉంది.

బయట మా పేర్లు రాసిన అట్ట పట్టుకుని నిలబడిన డ్రైవర్, మేం మాట్లాడుకోవడం విని, “ఏటమ్మా, తెలుగోళ్ళా?” అన్నాడు. వాళ్ళది శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు. తండ్రి కుర్రతనంలో విశాఖపట్నంలో ఓడెక్కి చేపల వేటకని వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. “నేనిక్కడే పుట్టీసాను. సదువు కూడా తెలుగు మీడియమే, ఇక్కడే” అన్నాడు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో దాదాపు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఆ అంకె నాకు ముందే తెలుసు. కానీ సిగ్నల్ దగ్గర పక్క ఆటోవాడు మా డ్రైవర్‌ని “ఏరా, బేరమా?” అని పలకరించినప్పుడు కలిగిన ఆనందం వేరు.

ఇక్కడ ముందుగా సర్దుకోవాల్సింది గడియారంతో. దేశమంతటికీ ఒకటే టైము, కానీ అండమాన్ మనకి బాగా తూర్పున ఉంది. హైదరాబాద్‌లో కంటే దాదాపు గంట ముందు తెల్లవారి, గంట ముందే పొద్దుపోతుంది. ఫిబ్రవరిలో సాయంత్రం ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు. పదింటికి టిఫిన్ చేసి పదకొండుకి బయల్దేరే వాళ్ళు ఇక్కడ సగం రోజు పోగొట్టుకుంటారు.

భోజనం కాగానే సెల్యులార్ జైలుకి వెళ్ళాం. బీచ్ ట్రిప్పులో జైలేంటని మా ఆయన కొంచెం గునిశాడు. వెళ్ళాలని పట్టుబట్టింది నేనే. దానికో కారణం ఉంది. నేను డిగ్రీ చదివింది కోఠి మహిళా కళాశాలలో. అది ఒకప్పటి బ్రిటిష్ రెసిడెన్సీ. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటబెట్టుకుని ఆ రెసిడెన్సీ మీదే దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ని తర్వాత తూప్రాన్ దగ్గర చంపి, శవాన్ని తెచ్చి నగరంలో వేలాడదీశారు. ఆయన పేరుతో కోఠిలో రోడ్డు, స్మారకం ఉన్నాయి. మక్కా మసీదులో ఇమామ్‌గా ఉన్న మౌల్వీని మాత్రం అండమాన్‌కి పంపించారు. ఆయన మళ్ళీ హైదరాబాద్ ముఖం చూడలేదు. కోఠి బస్టాపులో రోజూ నిలబడినన్నాళ్ళూ ఆ రెండో మనిషి సంగతి నాకు తెలియదు.

మౌల్వీ వచ్చేనాటికి ఈ జైలు లేదు. ఖైదీల స్థావరం 1858లోనే మొదలైంది కానీ, జైలు కట్టడం మొదలుపెట్టింది 1896లో, పూర్తయింది 1906లో. నడుమ ఒక బురుజు, దాని నుంచి ఏడు వైపులకి మూడంతస్తుల వరసలు. ఇప్పుడు మిగిలినవి మూడే. ఒక్కో గది సుమారు పదమూడున్నర అడుగుల పొడవు, ఏడున్నర అడుగుల వెడల్పు. వెనక గోడకి ఎత్తున చిన్న కిటికీ. ఒక వరస గదుల ముఖాలు ఎదుటి వరస వీపుని చూసేలా కట్టారు. పక్కనున్నవాడిని చూడటానికి గానీ, ఎదుటివాడికి సైగ చేయడానికి గానీ వీల్లేదు. గదికి గొళ్ళెం పెట్టేది కూడా తలుపుకి కాదు, చెయ్యి చాచినా అందకుండా పక్క గోడలో తొలిచిన గూట్లో. మా ఆయన లోపల నిలబడి చెయ్యి బయటికి పెట్టి చూశాడు, అందలేదు. ఆ తర్వాత గొణగడం ఆపేశాడు.

గానుగ షెడ్డు దగ్గర గైడు చెప్పాడు. మనుషులనే ఎడ్లలా కట్టి, రోజుకి 30 పౌండ్ల కొబ్బరినూనె తీయించేవాళ్ళట. తీయలేకపోతే కొరడా. తెలుగువాళ్ళు ఎవరైనా ఉన్నారా అని అడిగితే అతనికి తెలియదు. అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర అండమాన్ శిక్ష అనుభవించి వచ్చిన మనిషి. 1952లో విశాఖపట్నం నుంచి లోక్‌సభకి గెలిచింది కూడా ఆయనే. ఇది నేనే గైడుకి చెప్పాను. అతను పేరు రెండుసార్లు పలికించుకుని ఫోన్లో ఎక్కించుకున్నాడు.

డాబా మీది నుంచి చూస్తే మూడు పక్కలా సముద్రమే. అంత అందమైన నీళ్ళ మధ్య ఆ కట్టడాన్ని పెట్టడం కంటే క్రూరత్వం ఇంకేం ఉంటుంది?

రెండో రోజు: స్వరాజ్ ద్వీప్

హావ్‌లాక్ అంటేనే ఎక్కువమందికి తెలుస్తుంది. 2018 డిసెంబర్ 30న దాన్ని స్వరాజ్ ద్వీప్ అనీ, పక్కనున్న నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు. నేతాజీ ఇక్కడ జెండా ఎగరేసిన 1943 డిసెంబర్ 30కి అది 75వ ఏడు. హావ్‌లాక్, నీల్ ఇద్దరూ 1857 తిరుగుబాటుని అణచిన సైన్యాధికారులు. తిరగబడ్డవాళ్ళని ఈ దీవులకి తోలి, అణచినవాళ్ళ పేర్లు దీవులకి పెట్టుకున్నారన్నమాట. జైలు చూసిన మర్నాడే ఈ ఓడ ఎక్కడం వల్ల ఆ సంగతి కొంచెం గట్టిగా తగిలింది.

ఫెర్రీ ప్రయాణం గంటన్నర పైన. ప్రైవేటు క్యాటమరాన్ ఏసీ బోటు, మనిషికి వెయ్యిన్నర పైచిలుకు. ప్రభుత్వ ఫెర్రీ చాలా చవక. అయితే టికెట్లు దొరకడం కష్టం, నడక కూడా నిదానం. కానీ అందులో డెక్ మీద నిలబడి గాలి పీల్చుకోవచ్చు. ఏసీ బోటులో అద్దాల వెనక కూర్చోబెట్టేస్తారు. అరగంట దాటాక మా ముందు వరసలో కొత్త పెళ్ళికూతురు కవరు అడిగింది. తర్వాత వరసంతా అడిగింది. వాంతుల మాత్ర బోటెక్కే ముందే వేసుకోవాలి. ఎక్కాక వేసుకుంటే అది కూడా కవర్లోకే పోతుంది.

బుక్ చేసుకున్న కాటేజీ ఫోటోల్లో సముద్రం ఒడ్డునే ఉంది. తీరా చూస్తే సముద్రానికీ మాకూ మధ్య ఒక రోడ్డు, ఒక కొబ్బరితోట, ఒక జనరేటర్. ఎక్కువసేపు వాదించలేదు. గదిలో ఎలాగూ ఉండబోమని మా ఆయన తీర్పు ఇచ్చేశాడు.

మధ్యాహ్నం గోవింద్ నగర్ బజార్లో చేపల పులుసు అన్నం తిన్నాం. ఈ దీవిలో ఎక్కువమంది బెంగాలీలు. 1950ల్లో తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన శరణార్థులకి అడవి నరికి ఇక్కడ భూములిచ్చారు. ఊళ్ళ పేర్లన్నీ గోవింద్ నగర్, కృష్ణ నగర్, శ్యామ్ నగర్, రాధా నగర్. పులుసు ఆవాల ఘాటుతో బాగుంది. అయినా మా ఆయన బ్యాగులోంచి గోంగూర పచ్చడి సీసా తీశాడు. హోటలామె దాన్ని ఆసక్తిగా చూస్తే ఓ చెంచా పెట్టాడు. ఆమె తిని, నీళ్ళు తాగి, మర్యాదగా నవ్వింది.

మూడున్నరకి రాధానగర్ బీచ్‌కి వెళ్ళాం. 2004లో టైమ్ పత్రిక దీన్ని ఆసియాలోకెల్లా మేటి బీచ్ అంది. 2020లో శుభ్రమైన బీచ్‌లకిచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఇలాంటి బిరుదులు ఉన్నచోటికి పోతే సాధారణంగా నిరాశే మిగులుతుంది. ఇక్కడ అలా జరగలేదు. రోడ్డు దిగగానే ముందు అడవి వస్తుంది. వంద అడుగులకి తక్కువ కాని సముద్రపు ఇప్పచెట్లు వరసగా నిలబడి ఉంటాయి. ఆ నీడలోంచి బయటికి రాగానే తెల్లటి ఇసుక, దాని మీద ఒకదాని వెనక ఒకటి తొందర లేని అలలు. ఒడ్డున మిర్చిబజ్జీ బండి లేదు, మ్యూజిక్ లేదు, గుర్రాల సవారీ లేదు. మిర్చిబజ్జీ లేని లోటు మాత్రం తెలిసింది.

ఈత కొట్టడానికి హద్దు కట్టిన చోటు ఉంది. దాటితే లైఫ్‌గార్డు ఈల వేస్తాడు. ఆ ఈలని మనవాళ్ళు చాలామంది పట్టించుకోవడం లేదు. ఈ దీవుల్లో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో ఇక్కడికి దగ్గర్లోనే స్నార్కెలింగ్ చేస్తున్న ఒక అమెరికన్ అమ్మాయిని మొసలి చంపింది. ఆ సంగతి చదివి వచ్చిన మా ఆయన మోకాలి లోతు దాటలేదు. నేను నడుము లోతు దాకా వెళ్ళి, అల మీదకి వచ్చినప్పుడల్లా చిన్నపిల్లలా కేకలు పెట్టాను. ఐదున్నరకి సూర్యుడు దిగాడు. ఆ వెంటనే అందరినీ నీళ్ళలోంచి బయటికి తోలేశారు.

ఇసుక మీద శంఖాలు నడుస్తున్నాయి. వంగి చూస్తే ప్రతి దాంట్లో ఒక పీత. ఒళ్ళు పెరిగేకొద్దీ ఇల్లు చాలక పెద్ద శంఖం వెతుక్కుంటుందట. ఖాళీగా పడున్న శంఖాన్ని మనం జేబులో వేసుకుంటే ఒక పీతకి అద్దె ఇల్లు పోయినట్టే. హైదరాబాద్‌లో ఇల్లు వెతికిన బాధ తెలిసినవాళ్ళం కాబట్టి ఒక్కటీ ముట్టుకోలేదు.

మూడో రోజు: ఒక్క పొద్దు

శివరాత్రి. పొద్దున్నే అత్తమ్మకి ఫోన్ చేస్తే సిగ్నల్ వస్తూ పోతూ ఉంది. “కందగడ్డలు దొరికినయా?” అన్న ఒక్కటే స్పష్టంగా వినిపించింది. బజారంతా తిరిగినా కందగడ్డలు దొరకలేదు. అరటిపళ్ళు, కొబ్బరిబోండాలు దొరికాయి.

ఆ రోజే స్కూబా డైవింగ్ బుక్ చేశాం. మా తేదీల్లో దానికి వేరే చోటు లేదు. డైవ్ చేశాక కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు. లోతులో ఒత్తిడికి ఒంట్లో కరిగిన నత్రజని నెమ్మదిగా బయటికి పోవాలి, ఎత్తుకి పోతే బుడగలు కడుతుంది. అందుకే దీన్ని ఆఖరి రోజుకి పెట్టుకోవద్దని అందరూ చెప్తారు. ఈత రానివాళ్ళకి కూడా పరిచయ డైవ్ చేయిస్తారు. ఒక మనిషికి ఒక శిక్షకుడు, పన్నెండు మీటర్లకి మించరు. ఉపవాసం అంటే మా శిక్షకుడు నుదురు చిట్లించాడు. ఖాళీ కడుపుతో వద్దన్నాడు. ఫలహారం శాస్త్రంలో ఉన్నదే కాబట్టి రెండు అరటిపళ్ళు, కొబ్బరి నీళ్ళతో ఇద్దరికీ రాజీ కుదిరింది.

మా ఆయన ఆరోగ్యం ఫారం నింపాడు, సూట్ వేసుకున్నాడు, నడుము లోతు నీళ్ళలో మాస్క్ పెట్టుకుని ముక్కు మూసి నోటితో గాలి పీల్చడం సాధన చేశాడు. తర్వాత నింపాదిగా మాస్క్ తీసి, “నువ్వు వెళ్ళిరా. నాకు సముద్రం బయటి నుంచే బాగుంది” అన్నాడు. బతిమాలితే వచ్చేవాడేమో. బతిమాలలేదు. భయంగా ఉందన్న మనిషిని సరదా కోసం తొయ్యడం నాకు నచ్చదు.

నీళ్ళలో మాట ఉండదు, చేతి సైగలే. బొటనవేలు పైకెత్తితే ‘పైకి తీసుకెళ్ళు’ అని అర్థం. ‘బాగుంది’ అని చెప్పాలంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. దీన్ని పదిసార్లు చేయించాకే దింపాడు. రెండు మీటర్లు దిగేసరికి చెవుల్లో నొప్పి. ముక్కు నొక్కి గాలి ఊదితే టప్‌మని విడిపోయింది. అక్కడి నుంచి నా ఊపిరి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు. మొదట్లో ఆ ఊపిరి ఎంత తొందర తొందరగా ఉందో నాకే వినిపించి సిగ్గేసింది. శిక్షకుడు అరచెయ్యి కిందకీ పైకీ ఆడించి నెమ్మది చేయించాడు.

ఎర్రమన్ను పుట్టలంత పగడపు దిబ్బలు. వాటి మీద గాలికి ఊగే గడ్డిలా ఊగుతున్న సముద్ర కుసుమాలు, వాటిలోంచి తల బయటపెట్టి మమ్మల్ని తరమడానికి వచ్చిన నారింజ చారల బుల్లి చేప. వేలెడంత లేదు, నా మాస్క్ దాకా వచ్చి బెదిరించి పోయింది. ఒక చిలక చేప రాయిని కొరుకుతున్న చప్పుడు నీళ్ళలో కటకట వినిపించింది. అది పగడాన్ని కొరికి, దాని మీది నాచు తిని, మిగతాది ఇసుకగా విసర్జిస్తుంది. నిన్న మేం ముచ్చటపడి పాదాలు రుద్దుకున్న తెల్ల ఇసుకలో కొంత భాగం అదేనని పైకి వచ్చాక శిక్షకుడు చెప్పి నవ్వాడు.

అన్నీ రంగులే అనుకుంటే పొరపాటు. చాలా చోట్ల పగడాలు బూడిద రంగులో విరిగి పడున్నాయి. పగడం చెట్టు కాదు, రాయి కాదు, ప్రాణి. దాని ఒంట్లో ఉండే నాచే దానికి రంగూ తిండీ. నీళ్ళు మరీ వేడెక్కితే ఆ నాచు వదిలిపోతుంది, పగడం తెల్లబారి ఆకలితో చచ్చిపోతుంది. 2010లో, మళ్ళీ 2016లో ఇక్కడ అలాగే జరిగింది. కొన్ని కోలుకున్నాయి, కొన్ని లేదు. “మీరు చూసింది బాగున్న చోటు” అన్నాడు శిక్షకుడు.

నేను ఒడ్డుకి వచ్చేసరికి మా ఆయన ముందు మూడు కొబ్బరిబోండాలు ఖాళీగా ఉన్నాయి. ఈలోపు పక్కనున్న గుంటూరు కుటుంబంతో చుట్టరికం కలిపి, వాళ్ళ అబ్బాయికి ఇంజనీరింగ్‌లో ఏ బ్రాంచి మంచిదో కూడా తేల్చేశాడు.

ఇక రాత్రి. చంద్రుడు లేకుండా చూసుకుని వచ్చింది దీని కోసమే. పోటు మీదున్నప్పుడే మడ అడవి దగ్గర నీళ్ళు లోతుగా ఉంటాయి కాబట్టి తొమ్మిదింటికి రమ్మన్నారు. ఇద్దరు కూర్చునే కయాక్, లైఫ్ జాకెట్లు, ముందు గైడు. పగలు దిగనని మొండికేసిన మనిషి రాత్రి ముందు సీట్లో ఎక్కి కూర్చున్నాడు. “ఇది పడవ, మునగడం కాదు” అని వివరణ కూడా ఇచ్చాడు. ఒడ్డున లైట్లు కనుమరుగయ్యాక గైడు టార్చి ఆపేశాడు. ఎదుట కూర్చున్న మా ఆయన వీపు కూడా కనిపించలేదు.

తెడ్డు నీళ్ళలో పెట్టగానే నీలం నిప్పులు రేగాయి. తీస్తే తెడ్డు అంచు నుంచి వెలుగు చుక్కలుగా కారింది. చెయ్యి ముంచి కదిపితే వేళ్ళ సందుల్లోంచి మిణుకు మిణుకుమని జారిపోయింది. కంటికి కనపడనంత చిన్న జీవులు అవి. నీళ్ళు కదిలి ఒరుసుకున్నప్పుడు వాటి ఒంట్లో రసాయనాలు కలిసి క్షణం పాటు వెలుగుతాయి. మళ్ళీ కదపకపోతే చీకటే. కయాక్ కింద నుంచి ఒక చేప వేగంగా పోతే దాని దారంతా గీత గీసినట్టు వెలిగింది. పైన నక్షత్రాలు, కింద ఇవి. ఫోన్ కెమెరాకి ఏమీ దొరకలేదు, నల్లటి ఫోటోలు పదిహేను వచ్చాయి. మా ఆయన ఉన్నట్టుండి, “హర హర మహాదేవ!” అన్నాడు. చీకట్లో పక్క కయాక్‌లోంచి ఎవరో, “శంభో శంకర!” అన్నారు. గుంటూరు వాళ్ళే!

గదికి చేరి లింగోద్భవ కాలం దాకా వరండాలో కూర్చుందామనుకున్నాం. మా ఆయన పదకొండుకే గురక పెట్టాడు. నేను మాత్రం మెలకువగానే ఉన్నాను, భక్తితో కాదు, ఆ నీలం వెలుగు కళ్ళు మూసినా పోక. జాగారం జాగారమే.

నాలుగో రోజు: షహీద్ ద్వీప్

ఇంకా చిన్న దీవి, ఇంకా నెమ్మది. స్కూటర్ అద్దెకి తీసుకుంటే మధ్యాహ్నం లోపు దీవి మొత్తం చుట్టేయొచ్చు. దారి పొడవునా కూరగాయల మడులు, అరటితోటలు, పోకచెట్లు. మిగతా దీవులకి కూరగాయలు ఇక్కడి నుంచే పోతాయి. ఊళ్ళ పేర్లు రామ్ నగర్, సీతాపూర్, లక్ష్మణ్‌పూర్, భరత్‌పూర్. శత్రుఘ్నుడిని రామాయణంలో లాగానే ఇక్కడా ఎవరూ పట్టించుకోలేదు.

చూడాల్సింది లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన. బెంగాలీలు దీన్ని హౌరా బ్రిడ్జి అంటారు. ఆటు సమయంలో తప్ప దాని కిందకి పోలేం. అమావాస్యకి నీళ్ళు బాగా వెనక్కి తగ్గుతాయి కాబట్టి మధ్యాహ్నం మూడు తర్వాత రమ్మన్నారు. ఉదయం వచ్చిన ఒక బృందం నీళ్ళని చూసి వెనక్కి పోయిందట. హోటల్ వాళ్ళు ఏ టైమని చెప్పినా, ఆ రోజు ఆటు ఎప్పుడో జెట్టీ దగ్గర పడవవాళ్ళని అడగడం మేలు.

నీళ్ళు దిగిపోయిన రాళ్ళ మీద గుంటల్లో ఒక్కో లోకం ఉంది. సముద్ర దోసకాయలనే నల్లటి ప్రాణులు, కరవబోయే నోరులా తెరిచి మూసుకునే పెద్ద ఆల్చిప్ప, రాయిలా పడుండి కాలు పెట్టబోతే కదిలే పీత. స్థానిక గైడు అమ్మాయి ముందు నడుస్తూ ఎక్కడ అడుగు వేయాలో చూపించింది. ఒకాయన సముద్ర దోసకాయని ఎత్తి ఫోటో దిగబోతే, దాన్ని పట్టుకోవడం నేరమని గట్టిగా చెప్పి దింపించింది. ఆయన కొంచెం అలిగాడు. ఆ అమ్మాయి వయసు ఇరవై దాటి ఉండదు, ధైర్యం మాత్రం మెచ్చుకోవాలి.

ఐదో రోజు: జంగ్లీఘాట్

పొద్దున ఫెర్రీలో తిరిగి పోర్ట్ బ్లెయిర్ చేరాం. గాలి ఎక్కువైతే ఫెర్రీలు ఆపేస్తారు. విమానం ఎక్కే రోజుకి ముందు రాత్రి ఇక్కడ ఉండేలా చూసుకోకపోతే టెన్షన్ తప్పదు. ట్రావెల్ ఏజెంట్ ఫోన్ చేసి ఖాళీగా ఉంటే బారాటాంగ్ సున్నపురాతి గుహలకి రేపు తెల్లవారుజామున తీసుకెళ్తానన్నాడు. ఆ రోడ్డు జారవా తెగ అడవి గుండా పోతుంది. దారిలో వాళ్ళు కనిపిస్తారని కూడా ఊరించాడు. మనుషులని చూడటానికి కారద్దాలు దించుకుని పోవడం మాకు ఇష్టం లేదని చెప్పేశాం. విమానం వంక కూడా ఎలాగూ ఉంది.

సాయంత్రం మా సోంపేట డ్రైవర్ జంగ్లీఘాట్ చేపల రేవుకి తీసుకెళ్ళాడు. అప్పుడే పడవలు వచ్చి ఉన్నాయి. తెలుగులో బేరాలు, తెలుగులో తిట్లు, తెలుగులో పాటలు. మేం హైదరాబాద్ రామ్‌నగర్ చేపల మార్కెట్టులో కొర్రమీను, బొచ్చ, రవ్వ చూసి పెరిగినవాళ్ళం. ఇక్కడ కోనెం, సూర, కానాగంతలు, పేరు తెలియని ఎర్రచేపలు. గంప ముందు కూర్చున్న పెద్దావిడ, “ఏ ఊరే తల్లీ?” అంది. హైదరాబాద్ అంటే, “అబ్బో, దూరం” అంది, సముద్రం అవతల రెండు మూడు రోజుల ఓడ ప్రయాణంలో ఉన్న సిక్కోలు పక్కూరైనట్టు!

సునామీ సంగతి నేనే అడిగాను. 2004 డిసెంబర్ 26, ఆదివారం, పొద్దున ఆరున్నర. మంచం మీంచి కింద పడ్డానని డ్రైవర్ చెప్పాడు. నిలబడదామంటే నేల నిలవలేదట. తర్వాత నీళ్ళు వచ్చాయి. పడవ పోయింది, మనుషులు దక్కారు. “ఆ ఏడాదే టాక్సీ కొన్నానమ్మా. మా అయ్య మాత్రం మళ్ళీ అప్పు సేసి పడవే కొన్నాడు.” భూకంపంతో ఈ ప్రాంతంలో నేల కుంగి, సిప్పీఘాట్ వైపు పొలాల్లోకి వచ్చిన సముద్రం మళ్ళీ పోలేదు. ఒకప్పుడు వరి పండిన చోట ఇప్పుడు ఉప్పునీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఆరో రోజు: తిరుగు ప్రయాణం

పొద్దున విమానాశ్రయానికి పోతూ డ్రైవర్, అడగాలా వద్దా అని కాసేపు తటపటాయించి, వాళ్ళ అమ్మాయి సంగతి తీశాడు. డిగ్రీ అయిపోతోంది. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వచ్చాక నెట్ బాగుపడి, ఇంట్లో కూర్చునే ఏదో సాఫ్ట్‌వేర్ కోర్సు మొదలుపెట్టింది. ఇక అమీర్‌పేట వెళ్ళి నేర్చుకుంటానని పట్టు. “అక్కడ ఆడపిల్లలకి ఆస్టళ్ళు ఎలాగుంటాయమ్మా? తిండి ఏటి పెడతారు?”

అక్కడి నుంచి సముద్రం గురించి ఎవరం మాట్లాడలేదు. అమీర్‌పేటలో కంటే ఎస్సార్‌నగర్‌లో హాస్టళ్ళు కాస్త నయమని నేను, అడ్వాన్స్ కట్టేముందు ఒక రాత్రి ఉండి చూడాలని మా ఆయన. పోస్టర్ల మీద నూటికి నూరు ఉద్యోగాలు అని రాసిన చోట మాత్రం చేర్పించొద్దని ఇద్దరం ఒకేసారి అన్నాం. అమ్మాయికి ఫోన్ కలిపి ఇచ్చాడు. తండ్రి యాస ఒక్క ముక్క లేదు, హిందీ కలిసిన తెలుగు. హైదరాబాద్‌లో ఇమిడిపోతుంది. మా ఇల్లు హబ్సిగూడలో, అమీర్‌పేటకి ఒకటే మెట్రో, మధ్యలో మారక్కర్లేదని చెప్పి, హాస్టల్ దొరికేదాకా మా ఇంట్లో దిగమన్నాను. డిపార్చర్ గేటు ముందు సామాను దించుతూ డ్రైవర్, వచ్చేటప్పుడు కోనెం ఎండుచేప పంపిస్తానన్నాడు. మా ఆయన వెంటనే ఎంత పంపాలో కూడా చెప్పేశాడు.